షుగర్ ముప్పులో వంశం వాటా ఎంత, ఒంటరితనం వాటా ఎంత?

క్లుప్తంగా: టైప్ 2 మధుమేహంలో జన్యువులు ప్రధానంగా శరీరం తయారుచేయగల ఇన్సులిన్‌కు హద్దు గీస్తాయి. ఒంటరి జీవనం నిద్ర, తిండి, కదలిక, హార్మోన్ల ద్వారా ఇన్సులిన్ అవసరాన్ని పెంచుతుంది. రెండూ ఒకే మనిషిలో కలిసినప్పుడు అదనంగా పడే కేసుల సంఖ్య ఎక్కువగా ఉండవచ్చు. వలసలు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఈ కలయికకు ఇంకో కోణం ఉంది: ఇంటివాళ్లు చెదిరిపోతే వంశంలో ఎవరికి షుగర్ ఉందన్న సమాచారం కూడా చెదిరిపోతుంది.

మూడు వాదనలు

ఉత్తరాంధ్రలో షుగర్ ప్రస్తావన వస్తే చాలాకాలంగా వినిపించేవి రెండు మాటలు. "మా ఇంట్లో అందరికీ ఉంది, మనకూ తప్పదు" అన్నది ఒకటి; "మా వంశంలో ఎవరికీ లేదు, మనకెందుకొస్తుంది" అన్నది రెండోది. ఒంటరితనం వల్ల షుగర్ వస్తుందని, అది జన్యువులనే మార్చేస్తుందని చెప్పే వార్తలు ఈమధ్య వీటికి తోడయ్యాయి. మూడింటిలోనూ కొంత నిజం ఉంది, మూడూ ఆ నిజాన్ని దాటి ముందుకు పోతున్నాయి.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 2021 నాటికి దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు ఆ సర్వే అంచనా వేసింది. ఈ సంఖ్యలలో అత్యధిక భాగం టైప్ 2కు చెందినదే. తరచుగా చిన్న వయసులోనే, రోగనిరోధక వ్యవస్థ పొరపాటు వల్ల వచ్చే టైప్ 1 కథ వేరు, దానికి ఈ చర్చ వర్తించదు.

వంశం నుంచి వచ్చేది ఏమిటి

టైప్ 2 మధుమేహానికి ఒక్క జన్యువంటూ లేదు. 25 లక్షల మందికి పైగా జన్యు సమాచారాన్ని కలిపి చేసి 2024లో ప్రచురించిన విశ్లేషణ, మానవ జన్యుపటంలో 611 చోట్ల ఈ వ్యాధితో సంబంధమున్న తేడాలను గుర్తించింది. వాటిలో చాలావాటి ప్రభావం విడిగా చూస్తే అతి స్వల్పం. కాస్త బలమైనది టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో ఉంది. ఐస్‌లాండ్ పరిశోధకులు 2006లో బయటపెట్టిన ఈ తేడా తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క ప్రతి వచ్చినా ముప్పు సుమారు 1.4 రెట్లవుతుంది. ఇలాంటి తేడాలలో పెద్ద భాగం పనిచేసే చోటు క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు. అంటే వంశం నుంచి వచ్చేది జబ్బు కాదు, అవసరం పెరిగినప్పుడు దానికి తగినంత ఇన్సులిన్ విడుదల చేయలేని బలహీనత.

తల్లిదండ్రులలో ఒకరికి టైప్ 2 ఉంటే బిడ్డకు జీవితకాలంలో వచ్చే అవకాశం సుమారు 40 శాతమని, ఇద్దరికీ ఉంటే 70 శాతం దాకా ఉండవచ్చని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే ఈ లెక్కను పూర్తిగా జన్యువుల ఖాతాలో రాయడం సరికాదు. ఒకే ఇంట్లో పుట్టినవారు జన్యువులతో పాటు ఒకే వంటనూ, ఒకే పని తీరునూ, తల్లి గర్భంలో ఒకే రకమైన పోషణ లోపాన్నీ పంచుకుంటారు. పుణే పరిసర గ్రామాలలో 1993 నుంచి సాగుతున్న మాతృ పోషణ అధ్యయనం, మనవాళ్ల పిల్లలు తక్కువ బరువుతో పుట్టినా ఒంట్లో కొవ్వు వాటా మాత్రం తగ్గకుండా పుడుతున్నారని చూపింది. చూడడానికి బక్కపలచగా ఉండి షుగర్ తెచ్చుకునే మనుషులు మన ఊళ్లలో ఇంతమంది ఎందుకున్నారో అర్థం చేసుకోవడానికి ఇది పనికొస్తుంది.

మేనరికం గురించి ఒక మాట. ఉత్తరాంధ్రలో ఇది ఇప్పటికీ అరుదేమీ కాదు. దగ్గరి సంబంధం వివాహాల ప్రమాదం ప్రధానంగా ఒకే జన్యువు లోపంతో వచ్చే అరుదైన జబ్బులకు సంబంధించినది. వందల తేడాలు కలిసి పనిచేసే టైప్ 2 విషయంలో దానికంత బరువు లేదు. తల్లి వైపు, తండ్రి వైపు ఒకే పూర్వీకులు ఉన్నప్పుడు ఒకే తేడా రెండు ప్రతులుగా వచ్చే అవకాశం కాస్త పెరుగుతుందని మాత్రం చెప్పవచ్చు.

ఒంటరిగా ఉండడం, ఒంటరితనం

పరిశోధనలు ఈ రెండింటినీ విడదీసి కొలుస్తాయి. ఒంటరిగా ఉండడం బయటికి కనిపించే స్థితి: ఇంట్లో ఎవరూ లేకపోవడం, వచ్చిపోయేవారు తక్కువ కావడం, నలుగురిలో కలిసే సందర్భాలు లేకపోవడం. ఒంటరితనం లోపలి అనుభూతి, కోరుకున్నంత దగ్గరితనం దొరకలేదన్న లోటు. ఒకటి ఉన్నచోట రెండోది ఉండి తీరాలని లేదు. భర్త పోయి, కొడుకు కోడలి దగ్గర పదిమంది మధ్య బతికే ముసలామెకు తన మాట వినేవారు ఒక్కరూ లేకపోవచ్చు. ఊరి చివర ఒక్కతే ఉండే మరొకామె ఇంటి అరుగు సాయంత్రానికి నిండిపోవచ్చు.

ఈ తేడా ఫలితాలలోనూ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో వృద్ధాప్యంపై సాగుతున్న దీర్ఘకాల అధ్యయనంలో 4,112 మందిని సుమారు 12 ఏళ్లు గమనించి 2020లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఒంటరితనపు అనుభూతి ఎక్కువగా ఉన్నవారిలో టైప్ 2 రావడం ఎక్కువైంది. ఒంటరిగా నివసించడంతో గానీ, సామాజిక సంబంధాలు తక్కువగా ఉండడంతో గానీ అలాంటి స్పష్టమైన సంబంధం కనిపించలేదు. నార్వేలో 24,024 మందిని 20 ఏళ్లకు పైగా అనుసరించి 2022లో వెలువరించిన ఫలితాలలో, ఎక్కువ ఒంటరితనం అనుభవించామన్నవారికి ముప్పు దాదాపు రెట్టింపు. దీనికి భిన్నంగా నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో 2,861 మందిపై 2017లో వచ్చిన అధ్యయనం బయటి స్థితికే ప్రాధాన్యం ఇచ్చింది. అక్కడ ఒంటరిగా నివసించే పురుషులలో టైప్ 2 ఉండే అవకాశం 94 శాతం ఎక్కువగా తేలింది. స్త్రీలలో మాత్రం ఒంటరిగా నివసించడం కంటే సంఘాలు, కార్యక్రమాలలో పాల్గొనకపోవడమే ఎక్కువ బరువు తూగింది. మాస్ట్రిక్ట్ అధ్యయనం మనుషులను ఏళ్ల తరబడి అనుసరించినది కాదు, ఒక సమయంలో తీసిన చిత్రం. కనుక ఏది ముందు, ఏది వెనుక అన్నది దానితో తేలదు.

జన్యువులనూ ఒంటరితనాన్నీ కలిపి చూసే విశ్లేషణలకు ఎక్కువగా ఆధారమైనది యూకే బయోబ్యాంక్ అనే బ్రిటన్ ఆరోగ్య, జన్యు సమాచార భాండాగారం. 2006 నుంచి 2010 వరకు 40–69 ఏళ్ల వయసున్న సుమారు 5 లక్షల మంది అందులో చేరారు. వారిని అడిగినది కొన్నే ప్రశ్నలు: ఇంట్లో ఎందరు ఉంటారు, బంధుమిత్రులను ఎంత తరచుగా కలుస్తారు, వారానికి ఒక్కసారైనా క్లబ్బుకో ప్రార్థనకో మరో కాలక్షేపానికో వెళతారా, తరచుగా ఒంటరిగా అనిపిస్తుందా, మనసులో మాట చెప్పుకునే మనిషి ఉన్నారా. ఆహ్వానం అందినవారిలో చేరినది 5.5 శాతమే, చేరినవారిలో ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్న శ్వేతజాతీయులు. నిజంగా ఒంటరిగా ఉన్నవారు ఇలాంటి సర్వేకు రావడం తక్కువే. ఇక వారి జన్యు తేడాల నుంచి తయారుచేసిన ముప్పు స్కోరు దక్షిణాసియా వారికి వర్తింపజేస్తే దాని కచ్చితత్వం తగ్గుతుంది. ఆ ప్రశ్నలను యథాతథంగా పాలకొండకో చీపురుపల్లికో తెచ్చినా చిక్కే. నెలకోసారి ఎవరైనా వస్తారా అని అడిగితే, ఒకటో తారీఖున పింఛను ఇవ్వడానికి వచ్చే సచివాలయం ఉద్యోగిని కూడా లెక్కలో వేసుకోవలసి వస్తుంది.

ఒంట్లో జరిగేది

ఒంటరితనం షుగర్‌గా మారే దారులలో తిండి దారి అన్నిటికంటే తేలికగా కనిపిస్తుంది. ఒక్కరి కోసం వండుకునేవారు పొద్దున్నే ఒక గిన్నెడు అన్నం వండి దాన్నే మూడు పూటలా తినడం పల్లెల్లో మామూలు విషయం. ఒక్కరికి రెండు కూరలెందుకన్న లెక్కలో కూరగాయలు, పప్పు పక్కకు పోతాయి. అన్నంలోకి నిన్నటి పులుసో, ఊరగాయో, చారో సరిపోతుంది. నలుగురున్న ఇంట్లో చోడి అంబలికో ఉలవలకో ఉండే చోటు ఇక్కడ ఉండదు. కంచంలో పీచు, మాంసకృత్తులు తగ్గి పిండిపదార్థం మిగిలినప్పుడు తిన్న తరువాత రక్తంలో చక్కెర ఎక్కువ ఎత్తుకు లేస్తుంది. ఆ తరువాత కదలిక కూడా ఉండదు, ఎందుకంటే సంతకో, గుడికో, పక్కవీధికో నడవడానికి మరో మనిషి పిలుపే చాలాసార్లు కారణం.

నిద్ర దారి అంతగా కంటికి కనిపించదు. షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో ఆరోగ్యవంతులైన 9 మంది యువతీయువకులకు మూడు రాత్రులపాటు గాఢ నిద్ర మాత్రమే పట్టకుండా చేశారు. పడుకున్న గంటలు తగ్గకపోయినా ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరు సుమారు 25 శాతం పడిపోయింది. ఒంటరితనం అనుభవించేవారి ఫిర్యాదులలో కలత నిద్ర తరచుగా ఉంటుంది.

మూడోది ఒత్తిడి హార్మోన్ల దారి. కార్టిసాల్ కాలేయాన్ని మరింత చక్కెర విడుదల చేయమంటుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినకుండా చేస్తుంది, పొట్ట లోపలి కొవ్వు పేరుకోవడానికి తోడ్పడుతుంది. ఆపదకు పనికొచ్చే ఈ ఏర్పాటు ఏళ్ల తరబడి తగ్గకుండా ఉంటే బీటా కణాలపై పని భారం పెరుగుతూనే ఉంటుంది.

ఇక్కడే జన్యువులు, ఒంటరితనం ఎదురుపడతాయి. పైన చెప్పిన దారులన్నీ ఇన్సులిన్ అవసరాన్ని పెంచేవి. వంశం నుంచి వచ్చిన తేడాలలో పెద్ద భాగం ఇన్సులిన్ సరఫరాకు హద్దు గీసేవి. తక్కువ హార్స్‌పవర్ మోటారు అర ఎకరానికి ఏ ఇబ్బందీ లేకుండా నీరు తోడుతుంది, దానికే రెండెకరాలు అప్పగించినప్పుడు లోపం బయటపడుతుంది. అదే బలహీనత ఉన్న అన్నదమ్ములిద్దరిలో ఒకరికి 45 ఏళ్లకు, మరొకరికి 65 ఏళ్లకు షుగర్ బయటపడడానికి ఈ అవసరపు తేడా ఒక కారణం కాగలదు.

"పరస్పర ప్రభావం లేదు" అన్నప్పుడు

పాఠకులను ఎక్కువగా తికమక పెట్టేది ఈ మాటే. ఒక వార్త ఒంటరితనం, జన్యువులు కలిసి పనిచేస్తాయంటుంది. మరొకటి వాటి మధ్య పరస్పర ప్రభావం కనిపించలేదంటుంది. రెండూ ఒకే అంకెల మీద నిలబడవచ్చు.

ఊహించిన అంకెలతో చూద్దాం. పదేళ్లలో ఏ ముప్పూ లేని ప్రతి 100 మందిలో 4గురికి షుగర్ వస్తుందనుకుందాం. వంశంలో ఉన్న 100 మందిలో 10 మందికి, ఒంటరితనం మాత్రమే ఉన్న 100 మందిలో 6గురికి వస్తుందనుకుందాం. రెండూ ఉన్న 100 మందిలో 15 మందికి వచ్చింది. రెట్లలో లెక్కిస్తే వంశం ముప్పును 2.5 రెట్లు, ఒంటరితనం 1.5 రెట్లు చేశాయి. 4ను ఈ రెండింటితో గుణిస్తే సరిగ్గా 15. ఊహించినదే వచ్చింది కాబట్టి పరిశోధకులు పరస్పర ప్రభావం లేదని రాస్తారు. కూడికలో చూస్తే వంశం 6 కేసులు, ఒంటరితనం 2 కేసులు కలపాలి. 4తో కలిపి 12 రావాలి. మిగిలిన 3 కేసులు ఆ రెండూ ఒకే మనిషిలో కలిసినందువల్ల వచ్చినవి.

ప్రజారోగ్యానికి పనికొచ్చేది రెండో లెక్క. ఇదే ఉదాహరణలో ఒంటరితనాన్ని పూర్తిగా తొలగించగలిగితే వంశంలో షుగర్ లేని 100 మందిలో 2 కేసులు తగ్గుతాయి, ఉన్న 100 మందిలో 5 తగ్గుతాయి. ఒక ఆశా కార్యకర్తకు పది ఇళ్లకు వెళ్లే సమయమే ఉంటే ముందు ఏ ఇళ్లకు వెళ్లాలో ఈ తేడా చెబుతుంది. "పరస్పర ప్రభావం లేదు" అన్న వాక్యం చదివి రెండింటికీ సంబంధం లేదనుకోవడం తప్పు నిర్ణయానికి దారితీస్తుంది.

జన్యువులు మారిపోతాయా?

మారవు. 2007లో అమెరికాలో 14 మంది రక్తకణాలను పరిశీలించిన చిన్న అధ్యయనంలో, ఒంటరితనం ఎక్కువగా ఉన్నవారిలో 209 జన్యువుల పని తీరు భిన్నంగా ఉన్నట్టు తేలింది. వాపును పెంచేవి ఎక్కువగా పనిచేస్తున్నాయి. జన్యువు రాత అదే, దాన్ని కణం ఎంత గట్టిగా చదువుతోందన్నదే తేడా. వార్తా శీర్షికలలో ఈ తేడా సాధారణంగా ఎగిరిపోతుంది.

పరిసరాలు మారితే జన్యు ముప్పు ఎలా తగ్గగలదో చూపే గట్టి ఆధారం వేరే చోట ఉంది. అమెరికాలో 3,234 మందిపై జరిగి 2002లో ఫలితాలు ఇచ్చిన మధుమేహ నివారణ ప్రయోగంలో తిండి, వ్యాయామ మార్పులు కొత్త కేసులను 58 శాతం తగ్గించాయి. పాల్గొన్నవారి టీసీఎఫ్7ఎల్2 జన్యువును 2006లో విడిగా పరిశీలించినప్పుడు, ఉత్తుత్తి మాత్రలు వేసుకున్న వర్గంలో ఆ తేడా రెండు ప్రతులు ఉన్నవారికి ముప్పు సుమారు 80 శాతం ఎక్కువగా ఉంది. జీవనశైలి మార్చుకున్న వర్గంలో ఆ అదనపు ముప్పు చాలావరకు కనిపించలేదు. "వంశంలో ఉంది, తప్పదు" అన్న మాటకు ఇంతకంటే సూటి జవాబు దొరకడం కష్టం. ఆ "జీవనశైలి మార్పు" ఒక కరపత్రం కాదన్నది కూడా గమనించాలి. ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడే శిక్షకుడితో మొదటి 24 వారాలలో 16 సమావేశాలు అందులో భాగం. చెన్నై పరిశోధకులు 531 మందితో చేసి 2006లో ప్రచురించిన భారతీయ ప్రయోగంలో తగ్గుదల 28.5 శాతమే. మనవారిలో బలహీనత మొదటినుంచీ ఎక్కువేమోనన్న అనుమానానికి ఇది చోటిస్తుంది.

బాణం ఎదురుదిశలోనూ పోవచ్చు. ఒంటరితనం అనుభవించే స్వభావంలో కూడా కొంత భాగం వంశపారంపర్యమే. యూకే బయోబ్యాంక్ సమాచారంతో 2018లో వచ్చిన జన్యు విశ్లేషణ ఆ వాటాను 4–5 శాతంగా అంచనా వేసింది, ఊబకాయం ఒంటరితనానికి దారితీస్తున్న సూచనలనూ చూపింది. కనుక బరువు, షుగర్, ఒంటరితనం కలిసి కనిపించిన ప్రతిచోటా ఒంటరితనమే మొదటిదని తీర్మానించడానికి లేదు.

వలస జిల్లాలలో వంశ చరిత్ర

2011 జనాభా లెక్కలలో ప్రతి 1,000 మంది పురుషులకు శ్రీకాకుళం జిల్లాలో 1,015 మంది, విజయనగరం జిల్లాలో 1,019 మంది స్త్రీలు ఉన్నారు. మగవారు బతుకుతెరువు కోసం విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నైలకు, తీరగ్రామాల మత్స్యకారులైతే గుజరాత్‌లోని వెరావల్ దాకా వెళ్లడం దీని వెనుక ఉన్న కారణాలలో ఒకటి. దీనివల్ల ఒంటరితనం రెండు చోట్ల పుడుతుంది, ఊళ్లో మిగిలిన ముసలివారిలోనూ, అద్దెగదిలో ఉండే కొడుకులోనూ.

జన్యు స్కోరు పరీక్షలు ఇక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉండవు, ప్రస్తుతానికి వాటి అవసరమూ లేదు. చెన్నైలో తయారై 2005లో ప్రచురితమైన భారత మధుమేహ ముప్పు స్కోరు నాలుగే అంశాలు చూస్తుంది: వయసు, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, తల్లిదండ్రులలో షుగర్. మొత్తం స్కోరు 60కి చేరినా, దాటినా ముప్పు ఎక్కువ. రాజాం వైపు ఒక ఊళ్లో 52 ఏళ్ల స్త్రీ ఉందనుకుందాం. వయసుకు 30, నడుము 78 సెంటీమీటర్లు కాబట్టి సున్నా, కూలి పనికి పోతోంది కాబట్టి శ్రమకు 20, తల్లిదండ్రులలో ఎవరికీ లేదంటుంది కాబట్టి సున్నా. మొత్తం 50, మధ్యస్థ ముప్పు. భర్త పోయాక పని మానేసి ఇంట్లోనే ఉండిపోతే శ్రమ అంశం 30 అయి మొత్తం 60కి చేరుతుంది. ఒంటరితనం అన్న గడి ఆ స్కోరులో లేకపోయినా ఈ దారిన లోపలికి వస్తోంది.

ఆమె "లేదు" అన్న జవాబు కూడా నిజం కాకపోవచ్చు. తండ్రికి పరీక్షే చేయించి ఉండరు, లేదా చేయించిన అన్న ఖరగ్‌పూర్‌లో స్థిరపడి ఆ సంగతి చెల్లెలికి చెప్పి ఉండడు. తండ్రికి ఉన్నట్టు తెలిస్తే మరో 10 కలుస్తుంది. వంశ చరిత్ర రాకపోకల మీద, పెళ్లిళ్లు, పరామర్శల మీద నిలిచే సమాచారం. ఆ రాకపోకలు తగ్గినప్పుడు జన్యు ముప్పు అలాగే ఉండి, దాని గురించిన తెలివిడి మాత్రం పోతుంది. తల్లి బెంగపెట్టుకుంటుందని కొడుకు, కొడుకు ఖర్చు పెట్టుకుంటాడని తల్లి ఒకరి జబ్బు ఒకరికి చెప్పుకోకపోవడం కూడా ఇందులో భాగమే.

ఉద్దానం విషయం దీనితో కలపకూడదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాలలో విస్తరించిన కిడ్నీ వ్యాధి మధుమేహం, రక్తపోటు లేనివారిలోనూ కనిపించడమే దాని ప్రత్యేకత. అయితే అక్కడివారికి షుగర్ కూడా తోడైతే మూత్రపిండాలకు అది రెండో దెబ్బ కనుక పరీక్ష అవసరం తగ్గదు, పెరుగుతుంది.

సమావేశాలు, ఫోన్ సందేశాలు

పరిశీలన అధ్యయనాలు సంబంధాన్ని చూపుతాయి తప్ప, సాంగత్యం పెరిగితే షుగర్ ఆగుతుందని నిరూపించవు. దానికి దగ్గరగా వచ్చేవి బృందాలతో చేసిన ప్రయోగాలు. తిరువనంతపురం జిల్లాలో 1,007 మందితో, స్థానికులే నాయకత్వం వహించే బృందాల ద్వారా జరిగిన కేరళ ప్రయోగం 2018లో ఫలితాలు ప్రకటించింది. రెండేళ్లకు బృందాలలో ఉన్నవారిలో 14.9 శాతానికి, లేనివారిలో 17.1 శాతానికి షుగర్ వచ్చింది. ఈ తేడా గణాంకపరంగా నిలబడేంత పెద్దది కాదు.

బంగ్లాదేశ్‌లోని ఫరీద్‌పూర్ జిల్లాలో 96 గ్రామాలను మూడు భాగాలు చేసి జరిపిన ప్రయోగం ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఒక భాగంలో స్త్రీలకు, పురుషులకు విడివిడిగా నెలనెలా సమావేశాలు పెట్టి, సమస్యలు వారే గుర్తించి పరిష్కారాలు వారే ఎంచుకునేలా చేశారు. రెండో భాగానికి ఫోన్‌లో ఆరోగ్య సందేశాలు వినిపించారు. మూడోదానికి మామూలు సేవలే. షుగర్ ముందు దశలో ఉన్నవారిలో రెండేళ్లలో వ్యాధి రావడం సమావేశాలు జరిగిన గ్రామాలలో బాగా తగ్గింది. ఫోన్ సందేశాలు అవగాహన పెంచాయి గానీ కేసులను తగ్గించలేదు. చెప్పిన విషయాలలో పెద్ద తేడా లేదు, పక్కన మనుషులు ఉండడంలోనే తేడా ఉంది.

ఉత్తరాంధ్రలో స్త్రీల విషయానికి వస్తే ఇలాంటి ఏర్పాటును కొత్తగా కట్టనక్కరలేదు. డ్వాక్రా సంఘాల సమావేశాలు పొదుపు, అప్పుల కోసం ఇప్పటికే జరుగుతున్నాయి. అక్కడ నడుము కొలిచే టేపు, గ్లూకోమీటరు, "మీ అమ్మానాన్నలకు ఉండేదా" అన్న ప్రశ్న చేర్చడం పెద్ద ఖర్చు కాదు. సంఘానికి రాని ఇళ్ల జాబితా కూడా అక్కడివారికే బాగా తెలుసు.

మగవారికి అలాంటి చోటు లేదు. మాస్ట్రిక్ట్ అధ్యయనంలో ఒంటరి నివాసం బరువుగా పడింది పురుషుల మీదేనన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. విలేజ్ హెల్త్ క్లినిక్ తెరిచి ఉండే వేళల్లో వలస వెళ్లినవారు ఊళ్లో ఉండరు. పనిచేసే నగరంలో వారి పేరు ఏ ఆశా కార్యకర్త పుస్తకంలోనూ ఉండదు. వారు తప్పకుండా ఊళ్లో ఉండేది సంక్రాంతికి. పండగకు ముందూ వెనకా ఆ నాలుగైదు రోజులు, సాయంత్రం పూట కూడా, పరీక్ష శిబిరాలు పెడితే తండ్రినీ కొడుకునీ ఒకేసారి చూడడం, ఇద్దరి వివరాలూ ఒకే కార్డులో రాయడం కుదురుతుంది. అప్పటికప్పుడు వేలి నుంచి తీసిన రక్తంలో అంకె ఎక్కువగా వచ్చినవారికి మర్నాడు పరగడుపు పరీక్ష చేసి, డెసీలీటరుకు 126 మిల్లీగ్రాములు గానీ అంతకు మించి గానీ ఉంటే పండగ సెలవులు ముగిసేలోగా మరోసారి చూసి, నగరంలో మందు ఎక్కడ తీసుకోవాలో రాసి పంపాలి.